డెత్ వ్యాలీ ఘాట్ రోడ్లకు పాత స్పోర్ట్స్ కారు తీసుకెళ్లడం ఎలా: గ్యారేజీ నుంచి బ్యాడ్‌వాటర్ దాకా

కాలిఫోర్నియాలో ఉంటూ పాత ఎంజీబీనో, డాట్సన్ 240జెడ్‌నో, ట్రయంఫ్ టీఆర్6నో చేరదీసుకున్న మనవాళ్లు అడిగే ప్రశ్న ఒకటుంది. "బండి ఊళ్లో బాగానే తిరుగుతోంది, డెత్ వ్యాలీ తీసుకెళ్లొచ్చా?" తీసుకెళ్లొచ్చు. కానీ ఊళ్లో బాగా తిరగడం వేరు, ఎడారిలో సముద్రమట్టం కంటే కింద నుంచి 5,000 అడుగుల పైకి ఎక్కి మళ్లీ దిగడం వేరు. ఎక్కేటప్పుడు ఇంజిన్ వేడి, దిగేటప్పుడు బ్రేకుల వేడి, ఈ రెండూ అదుపులో ఉంటే ట్రిప్పు సాఫీగా సాగుతుంది. కింద రాసిందంతా దాదాపు ఆ రెండింటి గురించే.

## 1. నెల, రూటు ముందే ఖాయం చేసుకోండి

నవంబర్ మధ్య నుంచి మార్చి మధ్య దాకా వెళ్లండి, అంతే. లోయ మధ్యలో ఉన్న ఫర్నెస్ క్రీక్‌లో జనవరి పగటి వేడి సగటున 67 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఉంటుంది, మార్చికల్లా 80 దాటుతుంది, ఏప్రిల్‌లో 90, జులైలో 115కి పైనే. 1913 జులై 10న 134 డిగ్రీలు నమోదైన చోటు అది. ఏప్రిల్‌లో సెలవులు దొరికాయని కార్బురేటర్ బండితో బయల్దేరొద్దు, ఆ సెలవుల్లో సముద్రం పక్క రోడ్డుకు వెళ్లండి.

నేను చెప్పే రూటు ఇది. లాస్ ఏంజెలెస్ నుంచి 14, 395 హైవేల మీదుగా లోన్ పైన్, సుమారు 210 మైళ్లు. రాత్రి అక్కడే పడుకోవాలి. మర్నాడు 136, 190 రోడ్ల మీదుగా ఫాదర్ క్రౌలీ వ్యూ పాయింట్, పానమింట్ స్ప్రింగ్స్, టౌన్ పాస్ (రోడ్డు కొండ దాటే ఎత్తైన చోటు), స్టవ్‌పైప్ వెల్స్, ఫర్నెస్ క్రీక్. అక్కడ రెండు రాత్రులు. తిరుగుప్రయాణం బ్యాడ్‌వాటర్, షొషోన్, బేకర్ మీదుగా.

బే ఏరియా వాళ్లకో మాట. మ్యాపులో టియోగా పాస్ దగ్గరిదారిలా కనిపిస్తుంది, కానీ చలికాలం మంచుతో మూసేస్తారు. బేకర్స్‌ఫీల్డ్, టెహాచపి మీదుగా 58 రోడ్డు పట్టుకుని మొహావీ దగ్గర 14 ఎక్కండి. ఒక్కరోజులో లోన్ పైన్ చేరాలని పట్టుబట్టకుండా మధ్యలో ఎక్కడైనా రాత్రి ఆగండి, పాత బండిలో గంటల తరబడి ఫ్రీవే నడిపితే ఘాట్ రోడ్డు మొదలయ్యేలోపే మనిషి అలసిపోతాడు.

పడమర నుంచి తూర్పుకే ఎందుకంటే, ఆ దిశలో టౌన్ పాస్ నిటారు ఎక్కుడు పొద్దున చల్లదనంలో అయిపోతుంది. తూర్పు నుంచి వస్తే స్టవ్‌పైప్ వెల్స్ నుంచి పాస్ దాకా సుమారు 17 మైళ్లు ఏకధాటిగా ఎక్కాలి, అదీ మధ్యాహ్నం ఎండలో అయితే ఏ పాత ఇంజిన్‌కైనా కష్టమే.

బయల్దేరే ముందు రోజు నేషనల్ పార్క్ సర్వీస్ వాళ్ల రోడ్ల సమాచారం తప్పకుండా చూడండి. 2023 ఆగస్టులో హిలరీ తుఫాను వరదకు అక్కడి రోడ్లు చాలా దెబ్బతిన్నాయి, ఇప్పటికీ వాన పడితే ఏదో ఒక రోడ్డు మూసేస్తారు. టైటస్ కాన్యన్ లాంటి మట్టి రోడ్ల జోలికి మాత్రం వెళ్లొద్దు, కింద ఖాళీ తక్కువున్న బండికి సైలెన్సరూ ఆయిల్ సంపూ రెండూ పోతాయి.

## 2. రేడియేటర్ దగ్గర మొదలుపెట్టండి

అన్నిటికంటే ఎక్కువ టైం ఇక్కడే పెట్టండి. ట్రిప్పుకి కనీసం నెల ముందు, ఈ వరసలోనే.

ముందు రేడియేటర్ లోపల ఎంత మూసుకుపోయిందో తేల్చుకోవాలి. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక, తిప్పుతూనే, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ గన్‌తో రేడియేటర్ ముఖం మీద నిదానంగా పైనుంచి కిందికి, ఆ మూల నుంచి ఈ మూలకి చూసుకుంటూ రండి. నీళ్లు లోపలికొచ్చే వైపు నుంచి బయటికెళ్లే వైపుకి వేడి క్రమంగా తగ్గుతూ పోవాలి. మధ్యలో అరచేయంత మేర ఉన్నట్టుండి 30, 40 డిగ్రీలు పడిపోతే అక్కడి గొట్టాల్లో నీళ్లు పారడం లేదన్నమాట. అలాంటిది ఊళ్లో బయటపడదు, టౌన్ పాస్ మూడో మైలులో బయటపడుతుంది. విప్పి రేడియేటర్ షాపులో లోపల కడిగించండి, లేదా కోర్ మార్పించండి.

తర్వాత వాటర్ పంపు. పంపు కింద చిన్న రంధ్రం ఉంటుంది, టార్చి వేసి చూడండి. దాని చుట్టూ పచ్చటి పెచ్చులాగా ఎండిన కూలెంట్ కనిపిస్తే సీల్ పోయినట్టే, ఇంకా కారడం లేదు కదా అని వదిలేయకండి.

హోసులు చల్లగా ఉన్నప్పుడు పిండి చూడండి. గట్టిగా కరకరలాడినా, మరీ మెత్తగా నలిగినా మార్చేయాలి. కింది హోసులో లోపల స్ప్రింగు ఉండాల్సిన బండి అయితే అది ఉందో లేదో చూసుకోండి, తుప్పుపట్టి లేకుండాపోతే ఎక్కువ ఆర్‌పీఎంలో పంపు లాగే ధాటికి ఆ హోసు చప్పబడిపోతుంది.

రేడియేటర్ మూత చిన్న వస్తువే కానీ పని పెద్దది. ఒత్తిడి ఒక్కో పీఎస్ఐ (చదరపు అంగుళానికి ఒక పౌను) పెరిగితే నీళ్లు మరిగే వేడి సుమారు 3 డిగ్రీల ఫారెన్‌హీట్ పెరుగుతుంది. 5,000 అడుగుల ఎత్తులో మామూలు నీళ్లు 203 డిగ్రీలకే మరుగుతాయి. అంటే మూత సరిగ్గా బిగుసుకోకపోతే కొండ మీద మీ సిస్టం ఇంకా ముందే మరుగుతుంది. కొత్త మూత కొనండి, కానీ మీ బండికి చెప్పిన పీఎస్ఐదే. ఎక్కువది వేస్తే మంచిదనుకుని వేస్తే పాత హీటర్ కోర్ పగులుతుంది.

కూలెంట్ సగం, డిస్టిల్డ్ వాటర్ సగం. రాగి, ఇత్తడి రేడియేటర్లున్న బండికి పాతరకం పచ్చ కూలెంటే నయం.

ఇంజిన్ వేడెక్కడానికి కారణం ప్రతిసారీ రేడియేటరే కాదు. ఇగ్నిషన్ టైమింగ్ వెనకబడినా, పెట్రోలు, గాలి కలిసిన మిక్స్చర్‌లో పెట్రోలు తగ్గి మరీ పల్చగా ఉన్నా, డిస్ట్రిబ్యూటర్ మీది వాక్యూమ్ డయాఫ్రమ్ చిరిగినా హీటెక్కుతుంది. రేడియేటర్ కొత్తది వేసినా వేడి తగ్గలేదని వాపోయేవాళ్లు ముందు టైమింగ్ లైటు పెట్టి చూడాలి.

ఎయిర్ కూల్డ్ పోర్షే 911 లాంటి వాటికి ఈ గొడవ లేదు గానీ ఆయిల్ టెంపరేచర్ చూసుకోవాలి, ఫ్యాన్ బెల్టు కొత్తది వేసి ఇంకోటి డిక్కీలో పెట్టుకోవాలి. ఆల్టర్నేటర్ ఎర్ర లైటు వెలిగితే ఆ క్షణమే ఆగాలి, ఫ్యాన్ కూడా ఆగిపోయి ఉండొచ్చు.

## 3. పెట్రోలు ఆవిరైపోకుండా

బండి బాగానే ఎక్కుతుంది, పైన వ్యూ పాయింట్ దగ్గర ఆపి ఫొటోలు దిగి వచ్చి సెల్ఫ్ కొడితే స్టార్ట్ కాదు. ఇది వేపర్ లాక్. ఇంజిన్ ఆపాక గాలి ఆడదు, బానెట్ కింద వేడి పేరుకుంటుంది, లైనులోనో కార్బురేటర్ గిన్నెలోనో పెట్రోలు మరిగి ఆవిరవుతుంది.

ఇందులో చాలామంది గమనించని సంగతొకటుంది. చలికాలంలో అమ్మే పెట్రోలు చల్లటి పొద్దున స్టార్ట్ అవడానికి వీలుగా తేలిగ్గా ఆవిరయ్యేలా తయారుచేస్తారు. ఫిబ్రవరిలో ఆ పెట్రోలు నింపుకుని 85 డిగ్రీల ఎండలోకి దిగితే వేపర్ లాక్ వచ్చే అవకాశం ఇంకా పెరుగుతుంది. అందులోని 10 శాతం ఇథనాల్ కూడా దానికి తోడవుతుంది.

- పెట్రోలు లైను సైలెన్సర్ మానిఫోల్డ్‌కి దగ్గరగా పోతుంటే దూరం జరపండి, లేదా వేడి తగలని తొడుగు వేయండి.
- కార్బురేటర్ల కింద హీట్ షీల్డ్ ఉండాలి. ఎవరో పాత ఓనరు విప్పి పారేసి ఉంటాడు, చూసుకోండి.
- రబ్బరు పెట్రోలు హోసులన్నీ ఇథనాల్ తట్టుకునేవి వేయండి. పాత రబ్బరు మెత్తబడి కారితే మంటలే. గుడ్డతో ప్రతి జాయింటూ తుడిచి వాసన చూడండి.
- కొత్త ఫిల్టర్ వేసి, ఇంకోటి దగ్గర పెట్టుకోండి.

ఎత్తు వల్ల పవర్ తగ్గుతుంది, ప్రతి 1,000 అడుగులకీ సుమారు 3 శాతం. టౌన్ పాస్ మీద బండి బరువుగా అనిపించడం రోగం కాదు. ఆ మాత్రం ఎత్తుకి కార్బురేటర్ స్క్రూలు తిప్పకండి, పైన పల్చన చేసిన మిక్స్చర్‌తో కిందికొస్తే ఇంజిన్ ఇంకా వేడెక్కుతుంది.

## 4. బ్రేకులు, టైర్లు

బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు, తేమ పట్టాక 155కే మరగొచ్చు. మరిగితే పెడల్ నేల దాకా పోతుంది. బండి కొన్నప్పటి నుంచి ఫ్లూయిడ్ మార్చలేదంటే ఈ ట్రిప్పు మొదటిపని అదే. నాలుగు చక్రాల దగ్గరా కొత్త ఫ్లూయిడ్ కనిపించేదాకా బ్లీడ్ చేయండి, అంటే పాతదాన్నీ గాలి బుడగల్నీ బయటికి పంపేయండి. సిలికాన్ డాట్ 5 ఉన్న బండిలో డాట్ 4 కలపకండి, ఏముందో తెలియకపోతే ముందు తెలుసుకోండి.

రబ్బరు బ్రేక్ హోసులు పైకి బాగుండి లోపల ఉబ్బి ఉంటాయి. ఒక చక్రం దగ్గర వేడి మిగతా వాటికంటే బాగా ఎక్కువుంటే హోసునో క్యాలిపర్‌నో అనుమానించాలి, ఆ థర్మామీటర్ గన్ ఇక్కడా పనికొస్తుంది.

టైర్ల పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం. పదేళ్లు దాటితే గాట్లు ఎంత లోతుగా ఉన్నా మార్చాలి, ఆరు దాటితే జాగ్రత్తగా చూసి నిర్ణయించుకోవాలి. పాత స్పోర్ట్స్ కార్లు ఏడాదికి వెయ్యి మైళ్లు కూడా తిరగవు కాబట్టి టైరు అరగదు, ఎండిపోతుంది. స్టెప్నీ తేదీ కూడా చూడండి, చాలా బండ్లలో అది బండితో పాటే పుట్టినది.

వైరు చక్రాలుంటే ఒక్కో స్పోకునీ చిన్న పానాతో తట్టి వినండి, వదులుది బొంగురుగా పలుకుతుంది. మధ్య నట్టు విప్పడానికి రాగి సుత్తి బండిలోనే ఉండాలి.

## 5. కరెంటు, ఆయిల్

ఇగ్నిషన్ పాయింట్లు, కండెన్సర్, రోటర్, క్యాప్ కొత్తవి వేసి, పనిచేస్తున్న పాతవి డిక్కీలో పెట్టుకోండి. కొత్త భాగం మొదటి రోజే పోయిన సందర్భాలు ఎన్నో ఉంటాయి, అందుకే పాతది పారేయొద్దు. ఇగ్నిషన్ కాయిల్ వేడెక్కాక చచ్చి, చల్లబడ్డాక బతుకుతుంది, దాన్ని పెట్రోలు సమస్య అనుకుని రోజంతా కార్బురేటర్ విప్పుకుంటూ కూర్చుంటారు. ఒక స్పేర్ కాయిల్ చాలా గంటలు మిగులుస్తుంది.

1967కి ముందరి ఎంజీబీల్లో పాజిటివ్ ఎర్త్ ఉంటుంది, అంటే బ్యాటరీ పాజిటివ్ వైపే బాడీకి కలిపి ఉంటుంది. ఫోన్ ఛార్జరు, జంప్ కేబుళ్లు పెట్టే ముందు మీదేదో, పక్కబండిదేదో చూసుకోండి.

ఆయిల్ 20డబ్ల్యూ-50, జింక్ సరిపడా ఉన్నది, కొత్తది. అంతకుమించి దీని గురించి ఆలోచించక్కర్లేదు.

## 6. ట్రయల్ రన్ లేకుండా బయల్దేరొద్దు

రెండు వారాల ముందు ఒక కొండ ఎక్కించి దించండి. శాన్ హోసే, ఫ్రీమాంట్ వాళ్లకి మౌంట్ హామిల్టన్ మీది లిక్ అబ్జర్వేటరీ రోడ్డు ఉంది, 4,200 అడుగులు. లాస్ ఏంజెలెస్ వాళ్లకి ఏంజెలెస్ క్రెస్ట్, అయితే అది తెరిచి ఉందో లేదో చూసుకుని వెళ్లండి.

పైన ఇరవై నిమిషాలు ఇంజిన్ ఆపి, మళ్లీ స్టార్ట్ చేయండి. వేపర్ లాక్ ఉంటే అక్కడే తెలిసిపోతుంది. ఇంటికొచ్చాక కింద ఒక అట్టపెట్టె విప్పి పరిచి పొద్దున చూడండి, ఏ మరక ఎక్కడ పడిందో దాన్నిబట్టి రిపేరు జాబితా తయారవుతుంది.

ట్రయల్ తర్వాత ఏ భాగమైనా మార్చితే మళ్లీ యాభై మైళ్లు నడపాలి. ప్రయాణం ముందురోజు రాత్రి కొత్త భాగం బిగించి పొద్దున బయల్దేరడం కంటే ప్రమాదకరమైన అలవాటు లేదు.

## 7. డిక్కీలో ఏముండాలి

బండికి:
- 2 గ్యాలన్ల కూలెంట్, విడిగా 3 గ్యాలన్ల నీళ్లు
- ఫ్యాన్ బెల్టు, పై హోసు, కింది హోసు, క్లాంపులు
- ఇంజిన్ ఆయిల్ 2 క్వార్ట్‌లు, బ్రేక్ ఫ్లూయిడ్ సీసా
- ఇగ్నిషన్ భాగాలు, కాయిల్, ఫ్యూజులు, వైరు, టేపు
- బండికి సరిపోయే పానాలు (బ్రిటిష్ బండికీ జపాన్ బండికీ సైజులు వేరు)
- జాకీ, జాకీ కింద పెట్టడానికి చెక్క పలక, చక్రానికి అడ్డుపెట్టే దిమ్మెలు
- మంటలార్పే సిలిండర్, చేతికందేలా సీటు దగ్గర, డిక్కీ అడుగున కాదు

మనుషులకి:
- మనిషికి రోజుకి ఒక గ్యాలన్ తాగేనీళ్లు, ఇది రేడియేటర్ నీళ్లలో కలపకూడదు
- టోపీ, పొడుగుచేతుల కాటన్ చొక్కా, రాత్రికి మందపాటి స్వెట్టర్
- కాగితం మ్యాపు, ఫోన్లో ముందే దించుకున్న మ్యాపులు
- ఉపగ్రహం ద్వారా సందేశం పంపే పరికరం. ఐఫోన్ 14 నుంచి ఎమర్జెన్సీకి ఆ సదుపాయం ఫోన్లోనే ఉంది, వాడడం ఇంట్లోనే నేర్చుకోండి

తిండికి మొదటిరోజు పులిహోర చేసుకుని పోండి, నిలవుంటుంది, బానెట్ మీద పెట్టుకుని తినొచ్చు. పెరుగన్నం ఐస్ పెట్టెలో ఉంటేనే.

టోయింగ్ ప్లాన్ ముందే పెంచుకోండి. దారిలో ఆగిన బండ్లకి సాయం చేసే ట్రిపుల్ ఏ సంస్థ ప్లస్ ప్లాన్‌లో 100 మైళ్లు లాక్కెళ్తారు, మామూలు ప్లాన్‌లో వచ్చే కొద్దిమైళ్లు డెత్ వ్యాలీలో ఎందుకూ చాలవు. పాత కార్ల ఇన్సూరెన్స్ పాలసీల్లో మైళ్ల పరిమితి, వాడకం మీద షరతులు ఉంటాయి, అవి కూడా చదువుకోండి.

## 8. గ్రూపుగా వెళ్తే

వెళ్లడమైతే గ్రూపుగానే వెళ్లండి. మూడు నాలుగు పాత బండ్లు, వెనక ఒక కొత్త ఎస్‌యూవీ.

అన్నిటికంటే నెమ్మది బండి ముందుండాలి. వేగం బండి ముందుంటే మిగతావాళ్లు అందుకోవాలని ఇంజిన్లు ఉడికించుకుంటారు. ఎస్‌యూవీ చిట్టచివర, అందులో పెద్ద పనిముట్లూ నీళ్లూ. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు, పిల్లలు కూడా అందులోనే, ఎందుకంటే రెండు సీట్ల పాత బండిలో చైల్డ్ సీటు సరిగ్గా కూర్చోదు, ఏసీ లేని బండిలో పెద్దవాళ్లకి ఎండ తట్టుకోవడం కష్టం. నాన్నగారు ముచ్చటపడితే చల్లటి పొద్దున చదును రోడ్డు మీద ఒక ఇరవై మైళ్లు పక్కన కూర్చోబెట్టుకోండి.

ఫోన్ సిగ్నల్ చాలా చోట్ల ఉండదు కాబట్టి వాకీటాకీలు కావాలి. ఎఫ్ఆర్ఎస్ రకానికి లైసెన్సు అక్కర్లేదు. జీఎంఆర్ఎస్ దూరం ఎక్కువ అందుతుంది, 35 డాలర్లు కట్టి లైసెన్సు తీసుకుంటే పరీక్ష లేకుండా పదేళ్లు కుటుంబమంతా వాడుకోవచ్చు.

ఎక్కడెక్కడ ఆగాలో కాగితం మీద రాసి అందరికీ ఇవ్వండి. ప్రతి ఆగే చోటా లెక్క చూసుకున్నాకే కదలాలి.

## 9. అసలు రోజు: లోన్ పైన్ నుంచి టౌన్ పాస్

ఆరున్నరకి ఇంజిన్లు చల్లగా ఉండగానే కూలెంట్, ఆయిల్, టైర్ల గాలి చూడండి. గాలి చల్లగా ఉన్నప్పుడే చూడాలి, మధ్యాహ్నం వేడెక్కి పెరిగిందని తీసేయకూడదు. ట్యాంకు నిండా కొట్టించండి. పానమింట్ స్ప్రింగ్స్, స్టవ్‌పైప్ వెల్స్, ఫర్నెస్ క్రీక్‌లలో పెట్రోలు దొరుకుతుంది, ధర బాగా ఎక్కువ, అయినా సగం ట్యాంకు కంటే కిందికి పోనివ్వకండి.

తూర్పుకి వెళ్తున్నారు కాబట్టి పొద్దుటి సూర్యుడు సరిగ్గా కళ్లల్లోకే కొడతాడు. అద్దం లోపలివైపు కూడా తుడవండి.

ఫాదర్ క్రౌలీ దగ్గర మొదటి ఆగుడు. అక్కడి నుంచి పానమింట్ లోయలోకి దిగుడు మలుపులతో ఉంటుంది, బ్రేకులు ఎలా ఉన్నాయో ఇక్కడే తెలుస్తుంది. పానమింట్ స్ప్రింగ్స్‌లో రెండో ఆగుడు, పది నిమిషాలు బానెట్లు తెరిచి పెట్టండి. లోయ దాటగానే టౌన్ పాస్ మొదలవుతుంది, సుమారు 1,600 అడుగుల నుంచి 4,956 అడుగులకి.

ఎక్కేటప్పుడు:
- ఒక గేర్ కిందే ఉండండి. టాప్ గేర్‌లో గుంజుకుంటూ ఎక్కితే ఫ్యాన్, పంపు నెమ్మదిగా తిరుగుతాయి, ఇంజిన్ మీద భారం పెరుగుతుంది. మూడో గేర్‌లో 3,000 ఆర్‌పీఎం దగ్గర తేలిగ్గా లాగాలి. ఓవర్‌డ్రైవ్ ఆపేయండి.
- గాలి ఏవైపు వీస్తోందో గమనించండి. వెనక నుంచి వీస్తే బండితో పాటే గాలీ కదులుతుంది, రేడియేటర్‌కి ఏమీ తగలదు. అలాంటప్పుడు మామూలు కంటే ముందే ఆగాలి.
- టెంపరేచర్ ముల్లు మామూలు చోటు దాటి కదలడం మొదలుపెట్టగానే హీటర్ పూర్తిగా తిప్పి ఫ్యాను వేయండి. కాళ్లు కాలతాయి, కానీ అది రెండో రేడియేటర్‌గా పనిచేస్తుంది.
- 220 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి వస్తే విశాలమైన చోటు చూసి ఆగండి, బండి ముఖం గాలికి ఎదురుగా. ఆవిరి రాకపోతే ఇంజిన్ ఆపకుండా 1,500 ఆర్‌పీఎంలో రెండు నిమిషాలు తిప్పితే వేడి దిగుతుంది.
- ఆవిరి వస్తే, లేదా పైన ఉన్న ముల్లు ఉన్నట్టుండి చల్లటి వైపు పడిపోతే వెంటనే ఇంజిన్ ఆపాలి. ముల్లు పడిపోవడం అంటే చల్లబడిందని కాదు, సెన్సర్ దగ్గర నీళ్లే లేవని.

రేడియేటర్ మూత కనీసం ముప్పావుగంట ముట్టుకోకండి. తర్వాత కూడా మందపాటి గుడ్డ వేసి మొదటి మెట్టు దాకానే తిప్పి ఒత్తిడి పోనివ్వండి. నీళ్లు పోసేది ఇంజిన్ తిరుగుతుండగా, కొద్దికొద్దిగా. కాగే ఇనప బ్లాకులో చన్నీళ్లు ఒక్కసారిగా గుమ్మరిస్తే హెడ్ పగులుతుంది.

1967కి ముందరి ఎంజీబీ ఫస్ట్ గేర్‌కి సింక్రో (కదులుతుండగా గేర్ సాఫీగా పడేలా చేసే ఏర్పాటు) లేదు. కొండ మీద ఫస్ట్ కావాలంటే పూర్తిగా ఆగి వేసుకోండి.

పైకి చేరాక ఒకట్రెండు నిమిషాలు ఇంజిన్ ఐడిల్‌లో ఉంచి అప్పుడు ఆపండి, బానెట్ తెరిచి పెట్టండి.

## 10. పదిహేడు మైళ్ల దిగుడు

పాస్ నుంచి స్టవ్‌పైప్ వెల్స్ సముద్రమట్టం దగ్గర. రోడ్డు తిన్నగా, వెడల్పుగా ఉంటుంది, అందుకే మోసం చేస్తుంది. వాలు కంటికి తెలియదు, చూస్తుండగానే వేగం గంటకి 80 మైళ్లు దాటుతుంది.

దిగడం మొదలెట్టకముందే మూడో గేర్ వేసుకోండి. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకూడదు. వేగం 55 దాటగానే గట్టిగా ఒక్కసారి నొక్కి 45కి తెచ్చి పూర్తిగా వదిలేయాలి, మళ్లీ 55కి చేరాక ఇంకోసారి. మధ్యలో గాలి తగిలి డిస్కులు చల్లబడతాయి. న్యూట్రల్‌లో జార్చడం పెట్రోలు మిగల్చడం కాదు, బ్రేకులు కాల్చుకోవడం.

పెడల్ మామూలు కంటే లోతుకి పోతోందా, కాలిన వాసన వస్తోందా, వెంటనే గేర్ తగ్గించి, ఎడమో కుడో చదునైన చోటు చూసి ఆగండి. ఎమిగ్రంట్ క్యాంప్‌గ్రౌండ్ దాదాపు సగం దారిలో, 2,100 అడుగుల దగ్గర ఉంటుంది, బాగున్నా బాగోకపోయినా అక్కడ ఆగి చక్రాల వేడి చూడండి. వేడి బ్రేకుల మీద నీళ్లు పోయకండి, హ్యాండ్ బ్రేక్ లాగకండి. గేర్‌లో పెట్టి దిమ్మెలు అడ్డుపెట్టండి.

## 11. లోయలో ఉన్న రోజు

బ్యాడ్‌వాటర్ ఫర్నెస్ క్రీక్ నుంచి 17 మైళ్లు, సముద్రమట్టానికి 282 అడుగులు కింద. చదును రోడ్డు, బండికి విశ్రాంతి లాంటిది. ఆర్టిస్ట్స్ డ్రైవ్ తొమ్మిది మైళ్ల వన్‌వే, ఇరుకు మలుపులు, ఎత్తుపల్లాలు, ఇలాంటి చిన్న బండ్ల కోసమే వేసినట్టుంటుంది. సాయంత్రం ఎండ వాలినప్పుడు వెళ్లండి.

డాంటేస్ వ్యూ 5,475 అడుగులు, చివరి కొద్దిదూరం దాదాపు 15 శాతం వాలు. ముందురోజు ఇంజిన్ వేడి విషయంలో ఏ చిన్న అనుమానం వచ్చినా దీన్ని వదిలేయండి, లేదా అందరూ ఎస్‌యూవీలో వెళ్లండి. వెళ్తే తెల్లవారుజామునే.

చీకటి పడ్డాక పాత బండి నడపొద్దు. హెడ్‌లైట్లు చాలవు, రోడ్డు మీదికి కొయొటీలు వస్తాయి. దుమ్ము తుఫాను వస్తే రోడ్డు పూర్తిగా దిగి ఆగి, లైట్లన్నీ ఆర్పి, బ్రేకు మీంచి కాలు తీసేయండి. లైట్లు వెలుగుతుంటే వెనకవాడు అదే రోడ్డనుకుని వచ్చి గుద్దుతాడు.

## 12. ఆగిపోతే ఏం చూడాలి, ఏ వరసలో

- వేడిగా ఉంది, సెల్ఫ్ తిరుగుతోంది, అందుకోవడం లేదు: వేపర్ లాక్. బానెట్ తెరిచి ఇరవై నిమిషాలు ఆగండి. పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేయండి, కానీ వేడి మానిఫోల్డ్ మీద నీళ్లు పడకూడదు. యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కిపట్టి సెల్ఫ్ కొట్టండి.
- నడుస్తూ నడుస్తూ ఒక్కసారిగా ఆగింది, అరగంట తర్వాత మామూలే: కాయిల్. మార్చేయండి.
- ఎక్కుతుంటే గుంజి వదిలేస్తోంది: ఫిల్టర్ మూసుకుపోయి ఉంటుంది, లేదా పంపు చాలడం లేదు. ముందు ఫిల్టర్ మార్చండి. ట్యాంకు మూతలో గాలి రంధ్రం కూడా చూడండి, మూత తీయగానే స్సుమని గాలి పీలిస్తే అదే కారణం.
- సెల్ఫ్ కొడితే టిక్ మని ఊరుకుంటోంది: బ్యాటరీ టెర్మినల్, ఇంజిన్‌కి బాడీకి మధ్య ఎర్త్ పట్టీ. విప్పి గీరి బిగించండి.
- తియ్యటి వాసన, కాళ్ల దగ్గర తడి: హీటర్ కోర్. రెండు హీటర్ హోసులనీ కలిపేసి దాన్ని తప్పించేయండి.

ఏదీ కుదరకపోతే బండి వదిలి నడిచి వెళ్లొద్దు. నీడ చూసుకుని బండి దగ్గరే ఉండండి, వెతికేవాళ్లకి మనిషి కంటే బండే త్వరగా కనిపిస్తుంది.

## 13. తిరుగుదారి, ఇంటికొచ్చాక

బ్యాడ్‌వాటర్ నుంచి దక్షిణంగా జూబిలీ పాస్, తర్వాత 3,315 అడుగుల సాల్స్‌బెరీ పాస్ దాటి షొషోన్. జనం తక్కువ, మలుపులు బాగుంటాయి, సాయం కూడా అంతే తక్కువ, కాబట్టి ఫర్నెస్ క్రీక్‌లో ట్యాంకు నింపకుండా ఈ దారి పట్టకండి. షొషోన్ నుంచి బేకర్ సుమారు 57 మైళ్లు, అక్కడి నుంచి ఫ్రీవే.

ఇంటికొచ్చిన వారంలోపే ఇవి చేయండి:
- బండి కింద భాగం మంచినీళ్లతో బాగా కడగండి, బ్యాడ్‌వాటర్ వైపు ఉప్పుదుమ్ము అతుక్కుని తుప్పు పట్టిస్తుంది
- ఎయిర్ ఫిల్టర్ తీసి చూడండి, ఎడారి దుమ్ముకి దాదాపు ప్రతిసారీ మార్చాల్సిందే
- ఇంజిన్ ఆయిల్ మార్చండి
- రేడియేటర్ రెక్కల్లో ఇరుక్కున్న పురుగులని వెనక నుంచి ముందుకి, తక్కువ ఒత్తిడి నీళ్లతో తోయండి
- బ్రేక్ ప్యాడ్లు విప్పి చూడండి, అద్దంలా మెరుస్తుంటే కాలిపోయినట్టు, మార్చండి
- దారిలో వాడిన స్పేర్ భాగాలు వెంటనే మళ్లీ కొని డిక్కీలో పెట్టేయండి